మూడో మూట

ఫిత్రా బతికున్న తలకే ఇస్తారు. రంజాను నెల ఉపవాసాలు ముగిసి, పండగ నమాజు మొదలయ్యేలోపు, ఇంట్లో ఎన్ని తలలుంటే అన్నిటి పేరునా లేనివాళ్ళకి గింజలు పెట్టాలి. పండగ ముందు రాత్రి కళ్ళు తెరిచిన పసిగుడ్డు పేరునా పెడతారు, అదే రాత్రి కళ్ళు మూసిన ముసలివాడి పేరున పెట్టరు. ఈ సంగతి దూదేకుల జైనాబీకి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. తెలిసే, కనపడకుండా పోయిన కొడుకు పేరున నాలుగేళ్ళు నాలుగు మూటలు ఇచ్చింది. ఐదో ఏడు ఏం చేసిందన్నదే ఈ కథ.

ఆమె ఊరు అద్దంకికీ పర్చూరుకీ మధ్య, రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. పత్తి, మిరప, అక్కడక్కడా పొగాకు. జైనాబీకి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరికి ఆ చివరున్న మైకుతో పోటీపడుతుంది. మసీదులో ముందు వరుసలో నిలబడేవాళ్ళ దృష్టిలో దూదేకులవాళ్ళు సగం తురకలు, మిగతా ఊరి దృష్టిలో నిండు తురకలు. రెండు వైపులా మాటలు పడీ పడీ ఆమె నోరు అలా తయారైంది. నమాజులో చదవడానికి సూరాలు నాలుగే వచ్చు. అల్లాతో మిగతా మాటలన్నీ తెలుగులోనే, అదీ కాస్త గట్టిగానే.

మొగుడు సైదులు దూది ఏకేవాడు. దూలానికి విల్లు వేలాడగట్టి, కొయ్య గూటంతో నారిని మీటుతుంటే పత్తి తెల్లగా విచ్చుకుని ఇల్లంతా లేచేది. ఆ పరుపులూ దిళ్ళూ కుట్టింది జైనాబీయే. చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళంటే వీళ్ళ పరుపు ఉండాల్సిందే. తర్వాత స్పాంజి పరుపులు ఆటోల్లో మైకులు పెట్టుకుని వచ్చాయి. విల్లు అటకెక్కింది. ముప్ఫై ఏళ్ళు పీల్చిన దూది నలుసు సైదులు గుండెల్లో మిగిలింది, దగ్గి దగ్గి పోయాడు. జైనాబీ పరుపులు కుట్టిన చేతులతోనే మిరపకాయల తొడిమలు తీయడానికి కళ్లాలకి వెళ్ళడం మొదలుపెట్టింది.

లేనిదైనా ఇవ్వడంలో ఆమెకి ఒక పట్టుదల ఉండేది. మసీదు దగ్గర ఈ మధ్య అందరూ ఫిత్రా డబ్బు రూపంలోనే కడుతున్నారు. జైనాబీ ఒప్పుకోదు. "డబ్బిస్తే బీడీలైపోద్ది, గింజలిస్తే పొయ్యి వెలుగుద్ది" అంటుంది. తలకి రెండు డాల్డా డబ్బాల గోధుమలు కొలుస్తుంది, పైన గుప్పెడు కొసరు వేస్తుంది. ఒక్కొక్క తలకి ఒక్కొక్క మూట. ఆ మూటలు చంకన పెట్టుకుని పండగ పొద్దున్నే బజారంతా నడిచి ఇచ్చి వస్తుంది. ఇస్తూ ఊరుకోదు. "పురుగు పట్టించకు, ఎండలో పొయ్యి" అని తీసుకున్నవాళ్ళని కసిరి మరీ వస్తుంది. ఆమె దానం తీసుకోవాలంటే కాస్త ఓర్పు కూడా ఉండాలని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

నిజానికి ఆమె అంత ఇవ్వాల్సిన పని లేదు. మసీదులో నమాజు చేయించే హజరత్ గారు ఒకసారి చెప్పారు కూడా: "అమ్మా, ఇది ఉన్నవాళ్ళ మీద విధి. మీ ఇంటి పరిస్థితికి మీరు తీసుకునే వరసలో ఉండాలి." ఆయన మంచికే అన్నాడు. జైనాబీకి మాత్రం కారం పూసినట్టయింది. "చేతులు రెండూ ఉన్నంతకాలం నేను ఆ వరసలో నిలబడను హజరత్ గారూ" అని వచ్చేసింది.

ఒక్కగానొక్క కొడుకు ఇషాక్. వాడు పుట్టిన వారానికే జైనాబీకి పచ్చకామెర్లు కమ్మాయి. ఒంట్లో చుక్క పాలు లేవు. అప్పట్లో ఆమె పర్చూరులో పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళేది, పక్క చాప మీద కూర్చునే ఆదెమ్మ అదే నెలలో ప్రసవించింది. ఆదెమ్మది అదే ఊళ్ళో చర్చి పక్క పేట. ఆమె బిడ్డ మూడో రోజే పోయింది, పాలు మాత్రం ఆగలేదు. ఎవరూ అడక్కుండానే వచ్చి, మంచం మీద మూలుగుతున్న జైనాబీ పక్కనుంచి ఇషాక్‌ని తీసుకుని రొమ్ముకి ఆనించుకుంది. నలభై రోజులు రోజుకి నాలుగుసార్లు పేట నుంచి నడిచి వచ్చి పాలిచ్చి పోయింది. వాడు పెరిగాక ఇద్దర్నీ అమ్మా అనే పిలిచేవాడు. పేటలో క్రిస్మస్‌కి కేకు ముక్క మొదట వాడికే వచ్చేది.

ఇషాక్ పెద్దగా చదవలేదు. మిర్చి లారీల మీద క్లీనరుగా చేరాడు. కరోనా రెండోసారి ఊళ్ళని ఊడ్చిపెట్టిన ఏడు, సంక్రాంతి దాటాక రుక్సానాతో పెళ్ళయింది. ఆ రంజాను పండగయిన పన్నెండో రోజున మిరప బస్తాల లోడుతో కలకత్తా వైపు వెళ్ళాడు. ఒరిస్సాలో తుఫాను వచ్చి రోడ్డు మీద లారీలన్నీ ఆగిపోయాయి. మంచినీళ్ళు తెస్తానని క్యాను పట్టుకుని లారీ దిగాడు. తిరిగి ఎక్కలేదు. డ్రైవరు రెండు రోజులు వెతికి, వాడి బట్టల సంచీ తెచ్చి జైనాబీ గుమ్మంలో పెట్టాడు. సంచీలో రెండు చొక్కాలు, ఒక గళ్ళ లుంగీ ఉన్నాయి. వాడి ఫోను అప్పటికే మోగడం మానేసింది.

పోలీసులకి కాగితం ఇచ్చారు. రుక్సానా అన్న మౌలాలి, జైనాబీ కలిసి రైలెక్కి ఆ ఊరిదాకా వెళ్ళారు. భాష తెలియని ఊళ్ళో, ఫోటో పట్టుకుని, హోటలు హోటలుకీ ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగారు. ఒకచోట ఎవరో వరద నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. ఇంకొకచోట ఎవరో బస్టాండు వైపు చూపించాడు. జైనాబీ రెండోవాణ్ణే నమ్మింది.

మరుసటి రంజాను వచ్చింది. పండగ పొద్దున డాల్డా డబ్బా తీసింది. తనకి రెండు డబ్బాలు, కోడలికి రెండు డబ్బాలు కొలిచింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఆగితే వాడు లేడని తన చేత్తో తను చెప్పినట్టేగా! ఇంకో రెండు డబ్బాలు పోసింది. సంచీలోని లుంగీ చింపి, ఆ గుడ్డలో కట్టింది. ఆ మూట తీసుకెళ్ళి ఆదెమ్మ చాటలో పోసింది.

"ఇదేందే? ఏ ఏడూ మా పేటకి తేవుగా?" అంది ఆదెమ్మ.

"ఇది ఇషాక్‌ది. వాడి పేరున ఎవరు తింటే నాకు ఇష్టమో వాళ్ళకి ఇచ్చా. కసరకుండా తీసుకో."

"కసిరేది నువ్వే గదే" అంది ఆదెమ్మ. చాట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు గోధుమల్లో వేళ్ళు తిప్పుతూ కూర్చుంది. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తప్పిపోయిన బిడ్డ ఇషాక్ కోసం ప్రార్థన చెయ్యమని అందర్నీ అడిగింది. ఆ ఆదివారం మొదలు, అడగని ఆదివారం లేదు. మూడో మూట ఇచ్చిన రోజున మాత్రం జైనాబీ కడుపునిండా అన్నం తినేది. ఏడాదికి ఆ ఒక్క పూటే.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కనపడకుండా పోయినవాడి కళ్ళు దోసెడు. వాడు చెయ్యని మంచిపనులు కూడా జైనాబీ చెబుతుండేది, రుక్సానా వింటుండేది. ఈ రుక్సానా గురించి ఒక మాట చెప్పుకోవాలి. తల్లి కడుపు చూస్తుంది, పెళ్ళాం జేబు చూస్తుంది అని ఎవడన్నాడో గాని, వాడు ఈ పిల్లని చూసి ఉండడు. నాలుగు నెలల కాపురానికి అయిదేళ్ళు అత్త ఇంట్లోనే ఉంది. అత్తతోపాటే కళ్లానికి వెళుతుంది, అత్తతోపాటే ఉపవాసం ఉంటుంది. పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా "అత్త ఒక్కతీ ఉంటది" అని కదల్లేదు.

ఈ ఏడు రంజాను సరిగ్గా మిరప కోతల్లో పడింది. త్రినాథ్ అనే రైతు కళ్లంలో ఎకరం మేర ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. యాభై మంది ఆడవాళ్ళు గుడిసెల్లా వేసిన గోనెపట్టాల నీడన కూర్చుని తొడిమలు తీస్తున్నారు, రంగు పోయిన తాలుకాయ వేరు చేస్తున్నారు. ఘాటుకి తుమ్ములు ఆగవు. గొంతులో మంట పుడితే మిగతావాళ్ళు సీసా ఎత్తి తాగుతారు. ఉపవాసం ఉన్న అత్తాకోడళ్ళు మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఉమ్ము మింగుకుంటూ కూర్చునేవాళ్ళు. వాళ్ళకి ఎదురుగా కూర్చునే ఆదెమ్మ కూడా వాళ్ళ ముందు నీళ్ళు తాగేది కాదు, అటు తిరిగి తాగొచ్చేది. "నీ కోసం కాదులే, నా దేవుడు చూస్తాడని" అనేది జైనాబీతో.

ఇరవై ఏడో ఉపవాసం నాడు, పొద్దు వాలుతుండగా, కళ్లం నుంచి వచ్చేసరికి గుమ్మంలో మౌలాలి మోటారుసైకిలు ఉంది. మౌలాలి నెమ్మదైన మనిషే. ఆ రోజు కూర్చోమంటే కూర్చోలేదు.

"అత్తా, నువ్వు నాకు తల్లిలాంటిదానివి. అయినా అడుగుతున్నా. మా చెల్లెల్ని ఎన్నాళ్ళిట్టా ఉంచుతావు?"

"నేనుంచడమేందిరా? వెళ్తానంటే కట్టేశానా?"

"కట్టేశావు. నీకు తెలీకుండానే కట్టేశావు" అన్నాడు.

అప్పుడు బయటపడింది సంగతి. చీరాలలో బట్టల కొట్లో గుమస్తా ఒకాయన, పెళ్ళాం పోయి ఏడేళ్ళ కూతురితో ఉన్నాడు. రుక్సానాని చేసుకుంటానని కబురు పెట్టాడు. మొగుడు జాడ లేకుండా నాలుగేళ్ళు దాటితే, విచారించి, ఆ నికాహ్ తెగిపోయినట్టు ఖాజీ గారు రాసివ్వొచ్చు. తర్వాత నాలుగు నెలల పది రోజులు గడువు ఉంటే, ఆ పిల్ల దారి ఆ పిల్లది. మౌలాలి అర్జీ పెట్టాడు. ఖాజీ గారు ఊరి పెద్దల్ని పిలిచి అడిగాడు. పెద్దలిద్దరూ తడుముకోకుండా చెప్పారు: వాడు బతికే ఉన్నాడండీ, తల్లి ఏటా వాడి పేరున ఫిత్రా ఇస్తుంది, జాడ తెలియకపోతే ఎందుకిస్తుంది?

"ఖాజీ గారు కాగితం పక్కన పడేశారు. ఊళ్ళో ఏమనుకుంటన్నారో తెలుసా నీకు? వాడు కలకత్తాలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడంట. నీకు ఫోన్లు చేస్తాడంట. కోడలు కూలిడబ్బులు పోతాయని నువ్వు దాస్తన్నావంట."

జైనాబీ అరుగు మీద కూలబడింది. నాలుగేళ్ళుగా చంకన మూడు మూటలతో ఆ బజారులో నడుస్తుంటే జనం ఎందుకు అలా చూసేవాళ్ళో ఇప్పుడు తెలిసింది. తన దుఃఖాన్ని చూసి జాలిపడుతున్నారనుకుంది. వాళ్ళు మూటలు లెక్కపెట్టుకుంటున్నారు. ఊరి నోట్లో తను నానుతున్న సంగతి తన ఒక్కదానికే తెలియదు. పుణ్యం అనుకుని కట్టిన ముడి, తీసుకెళ్ళి కోడలి మెడకే వేసింది.

ముందు కోపమే వచ్చింది. "అయితే నా కొడుకుని నన్ను చంపుకోమంటావా? నా నోటితో పోయాడని చెప్పమంటావా? పో! నా గుమ్మం దిగు!" అని అరిచింది. మౌలాలి తలొంచుకుని వెళ్ళిపోయాడు. లోపల రుక్సానా ఉపవాసం విడవడానికి ఖర్జూరాలు పళ్ళెంలో పెడుతోంది. ఆ పిల్ల అంతా విన్నదని జైనాబీకి తెలుసు, తెలియనట్టు ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నమాజయ్యాక మసీదు మెట్ల దగ్గర హజరత్ గారిని పట్టుకుంది. ఆయన అంతా విన్నాడు. తప్పంతా తనమీద వేసుకుంటున్న మనిషిని చూసి ఇబ్బందిగా గడ్డం సవరించుకున్నాడు.

"మీరు పెట్టింది వృథా పోదమ్మా. ఆకలిగా ఉన్నవాళ్ళు తిన్నారు. అందులో పాపం లేదు."

"పాపం సంగతి కాదండీ. ఖాజీ గారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. నాకేం తెలియదని ఒట్టేసి చెబుతా. పోయాడని మాత్రం అనను. తెలియదంటా. సరిపోద్దా?"

ఆయన ఒక మెట్టు కిందికి దిగాడు. "నేను తీసుకెళ్తాను. కానీ పండగ ఇంకా రెండు రోజులుంది. మీరు ఇవాళ తెలియదని చెప్పి, ఎల్లుండి వాడి మూట చంకన పెట్టుకుని బజారున వెళితే, ఆ పెద్దలు ఏది నమ్ముతారు? మాటనా, మూటనా?"

జైనాబీ మెట్ల మీద కూర్చుండిపోయింది.

"నేను మిమ్మల్ని అడగనమ్మా. ఇవ్వమనీ అనను, మానమనీ అనను. అడిగే హక్కు నాకు లేదు" అన్నాడు హజరత్ గారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ తడి వల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ రెండు రోజులూ అంతే ఆమె బతుకు. ఇస్తే కోడలు బతికుండగానే సమాధి. ఇవ్వకపోతే కొడుకు. బజారున నడుస్తూ, నలుగురూ చూస్తుండగా, తన రెండు చేతులతో వాణ్ణి పూడ్చాలి. శవం లేదు, గుసుల్ స్నానం లేదు, చుట్టడానికి కఫన్ గుడ్డ లేదు, జనాజా నమాజు లేదు. ఊరికి కబురు చెప్పడానికి ఉన్నదల్లా ఒక మూట తక్కువవడమే. రోజంతా అల్లాతో పోట్లాడింది. "ఒక్క ఎముకైనా చూపించకూడదా? తల్లి చేతే ఈ పని చేయించాలా?" అంది.

చివరి ఉపవాసం నాటి సాయంత్రం రుక్సానా అత్త చేతులకి పెరుగు రాస్తోంది. మిరప మంటకి అదొక్కటే మందు. వేళ్ళ సందుల్లో నెమ్మదిగా రుద్దుతున్న ఆ పిల్లని చూస్తూ జైనాబీ అడిగేసింది.

"నీకు వెళ్ళాలనుందా?"

రుక్సానా తలెత్తలేదు. "ఆయన గొంతు మర్చిపోయానత్తా. మొహం ఫోటోలో ఉంది. గొంతు ఎంత తలుచుకున్నా రావట్లా."

"నేనడిగింది అది కాదు."

"నాకు ఇరవై ఏడేళ్ళొచ్చినయ్యత్తా" అంది రుక్సానా. పెరుగు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అలిగి అన్నా, ఏడ్చి అడిగినా జైనాబీ ఎదురు తిరిగేదే. ఆ పిల్ల ఉన్న వయసు చెప్పి వెళ్ళింది.

నెలవంక కనపడింది. పండగ తెల్లవారింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, జైనాబీ గోధుమల డబ్బా ముందు కూర్చుంది. మూడు గుడ్డలు పరిచింది. మూడోది గళ్ళ లుంగీలో మిగిలిన ఆఖరి ముక్క. కోడలికి రెండు డబ్బాలు కొలిచింది, కొసరు వేసింది, ముడి వేసింది. తనకి రెండు డబ్బాలు. ముడి వేసింది. మూడో గుడ్డలోకి ఒక డబ్బా పోసింది. రెండోది పోసింది. కొసరు గుప్పెడు కూడా పోసింది, ఏ ఏడూ లేనంత నిండుగా. నాలుగు కొసలూ పట్టుకుని ముడి వెయ్యబోయి అలాగే ఉండిపోయింది. బజారులో అల్లాహు అక్బర్ అని తక్బీరు చదువుకుంటూ మగవాళ్ళు ఈద్గా వైపు కదులుతున్నారు. వాళ్ళు నమాజుకి నిలబడితే ఇక ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

గుడ్డ ఎత్తి గోధుమలన్నీ మళ్ళీ డబ్బాలోకి ఒంపేసింది. కొన్ని గింజలు కింద పడ్డాయి. ఒక్కొక్కటీ ఏరి లోపల వేసింది. తల్లి అన్నది చెయ్యకూడని పని చేస్తున్నానని ఆమెకి తెలుసు, కళ్ళలో నీళ్ళు రాకపోవడం చూసి తన మీద తనకే అసహ్యం వేసింది. తలుపు పక్కన నిలబడి రుక్సానా అంతా చూసింది. విడుదలైన మనిషి ఊపిరి పీల్చుకుంటుందనుకుంటాం. ఆ పిల్ల చెంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుని జారిపోయింది. ఖాళీ గుడ్డని చూసేదాకా తన మొగుడు పోయాడని ఆమె కూడా నమ్మలేదేమో.

జైనాబీ రెండు మూటలు చంకన పెట్టుకుని బజారున పడింది. కొత్త బట్టలు, అత్తరు వాసన, ఒకరినొకరు పలకరించుకోవడాలు. మసీదు మలుపు దగ్గర ఖాజీ గారికి సాక్ష్యం చెప్పిన పెద్దాయన ఎదురయ్యాడు. ఆయన చూపు తిన్నగా ఆమె చంక వైపే వెళ్ళింది.

"రెండేనా జైనాబీ?" అన్నాడు.

"రెండే" అంది.

ఆమెకి ఇంత చిన్న గొంతు ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. పక్కన నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. పెద్దాయన మొహంలో రంగు మారింది. తలమీద టోపీ సర్దుకుని, పెదాలు కదలీ కదలకుండా "ఇన్నాలిల్లాహి..." అన్నాడు. పోయినవాళ్ళ కబురు విన్నప్పుడు అనే మాట అది. వెనక ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. కొడుకు చావు కబురు ఇప్పుడే మొదటిసారి విన్నట్టు జైనాబీ కరెంటు స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఎవరి మొహమూ చూడకుండా నడిచి, ఈద్గా దారిలో కూర్చునే గుడ్డి ఫకీరుకి ఒక మూట, మంచాన పడిన ఖుర్షిదా ముసలమ్మకి ఒక మూట ఇచ్చింది. ఎవర్నీ కసరలేదు. "ఒంట్లో బాగాలేదా తల్లీ?" అని ఫకీరే అడిగాడు.

ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు ఇంటి వైపు తిరగలేదు. ఆదెమ్మకి వేరే ఎవరో చెబితే అంతకన్నా అన్యాయం ఉండదు. వట్టి చేతులు కొంగులో చుట్టుకుని పేట వైపు నడిచింది.

ఆదెమ్మ గుమ్మంలోనే ఉంది. చాట కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏటా ఆ పూట ఆమె అక్కడే కూర్చుంటుంది. దూరం నుంచే జైనాబీని చూసి, "ఏంటే ఇంత ఆలస్యం? పండగపూట కూడా నడక రాదా?" అని కేకేసింది. "నిన్న మా పాస్టరు గారు కూడా అడిగారే, మీ ఇషాక్ కబురేమన్నా..."

జైనాబీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆదెమ్మ ఆమె చేతులు చూసింది. చంక చూసింది. వెనక రుక్సానా తెస్తుందేమోనని బజారు మలుపు దాకా చూసింది. ఎవరూ రావడం లేదు. చాట ఒళ్ళోంచి జారి కింద పడింది.

"ఎప్పుడు తెలిసిందే?" అంది ఆదెమ్మ.

"తెలియలేదే ఆదెమ్మా. కొలవలేదు, అంతే."

ఆదెమ్మకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఎందుకని అడగలేదు. తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆ పసివాడు నోరానించిన చోట గట్టిగా పట్టుకుంది. "ఓరి నాయనా... నా పాలు తాగినోడా..." అని ఒక్కసారిగా గొల్లుమంది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. జైనాబీ కంగారుగా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒసే, ఊరుకోవే. పండగే. ఈ పూట ఏడవకూడదే."

ఆదెమ్మ ఆ చెయ్యి తీసేసింది. అయిదేళ్ళుగా చుక్క రాలని ఆ మొహం వైపు చూసింది. చెయ్యి పట్టుకుని గుంజి, తన పక్కన గుమ్మంలో కూర్చోబెట్టుకుంది.

"నీకు పండగ. నాకు కాదుగా" అంది. "నువ్వు కూర్చో. నేనేడుస్తా."

ఈద్గా నుంచి మైకులో నమాజు వినపడుతోంది. జైనాబీ తొడిమలు తీసి తీసి పగుళ్ళుబారిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎండిన కళ్ళతో కూర్చుంది. పక్కన ఆదెమ్మ, ఇద్దరి ఏడుపూ తనే ఏడ్చింది.